ఇన్‌స్పెక్టర్ ‘బాగుంది’ అని రాసిన భవనం ఎందుకు కాలిపోతుంది?

1942 నవంబర్ 20న బోస్టన్ అగ్నిమాపక శాఖ అధికారి ఒకరు కోకోనట్ గ్రోవ్ అనే నైట్‌క్లబ్బును తనిఖీ చేసి, పరిస్థితి బాగుందని నివేదిక రాశారు. ఎనిమిది రోజుల తర్వాత, నవంబర్ 28 రాత్రి, ఆ క్లబ్బులో మంటలు లేచి 492 మంది చనిపోయారు. 460 మందికే అనుమతి ఉన్న చోట ఆ రాత్రి వెయ్యి మంది దాకా ఉన్నారు. ముఖద్వారం గిరగిరా తిరిగే రకం. జనం ఒక్కసారిగా మీద పడేసరికి అది బిగుసుకుపోయింది. బయటికి వెళ్ళగలిగిన మిగతా తలుపుల్లో కొన్నింటికి తాళాలున్నాయి, కొన్ని లోపలికి తెరుచుకునేవి.

ఇలాంటి వార్త చదవగానే ఎవరికైనా మొదట వచ్చే అనుమానం ఒక్కటే: ఇన్‌స్పెక్టర్ చెయ్యి తడిపి ఉంటారు. అలాంటివి జరగవని ఎవరూ అనలేరు. కానీ ఆ జవాబుతో ఆగిపోతే అసలు సంగతి దాటిపోతుంది. పైసా ముట్టని ఇన్‌స్పెక్టర్, కళ్ళు తెరిచి చూసి, నిజమే రాసినా కూడా ఆ భవనం కాలిపోవచ్చు. ఎలాగన్నది తెలియాలంటే ఆ ఉద్యోగం లోపలికి వెళ్ళాలి.

మంటలార్పేవాళ్ళు వేరు, తలుపులు చూసేవాళ్ళు వేరు

అగ్నినివారణ ఇన్‌స్పెక్టర్ అనగానే గొట్టం పట్టుకున్న ఫైర్‌మన్ గుర్తొస్తాడు. చాలా నగరాల్లో ఇద్దరూ ఒకే శాఖలో ఉంటారు, కొన్ని చోట్ల ఇన్‌స్పెక్టర్లు ఒకప్పటి ఫైర్‌మన్లే. పని మాత్రం పూర్తిగా వేరు. ఒకరు మంట మొదలయ్యాక వస్తారు, మరొకరు మంట మొదలవకముందే వచ్చి, అన్నీ సరిగ్గా ఉంటే ఎవరికీ గుర్తుండకుండా వెళ్ళిపోతారు. భవనం ప్లాన్‌ను కాగితం మీద పరిశీలించేవాళ్ళు, కాలిపోయాక కారణం వెతికే దర్యాప్తు అధికారులు మళ్ళీ వేరు. అమెరికాలో ఈ ఇన్‌స్పెక్టర్లకు ఏమేం తెలిసి ఉండాలో నేషనల్ ఫైర్ ప్రొటెక్షన్ అసోసియేషన్ (ఎన్‌ఎఫ్‌పీఏ) అనే సంస్థ చాలాకాలం ఎన్‌ఎఫ్‌పీఏ 1031 అనే ప్రమాణంలో చెప్పేది, ఇప్పుడది ఎన్‌ఎఫ్‌పీఏ 1030లో కలిసిపోయింది. ప్లాన్లు పరిశీలించేవాళ్ళను అందులో కూడా విడిగానే లెక్కపెడతారు.

ఇక్కడ రెండు మాటలను విడదీసుకోవాలి. బిల్డింగ్ కోడ్ అంటే భవనాన్ని ఎలా కట్టాలో చెప్పే నియమావళి. ఫైర్ కోడ్ అంటే కట్టిన తర్వాత దాన్ని ఎలా ఉంచుకోవాలో చెప్పేది. మెట్లు ఎంత వెడల్పుండాలన్నది మొదటిది తేలుస్తుంది. ఆ మెట్ల మీద అట్టపెట్టెలు పేర్చకూడదన్నది రెండోది. మొదటిది పెళ్ళి లాంటిది, రెండోది కాపురం లాంటిది. పెళ్ళినాటి ఫొటోలు చూసి కాపురం ఎలా సాగుతోందో చెప్పలేం కదా. ఇన్‌స్పెక్టర్ వచ్చేది కాపురం చూడటానికి.

ఒక చిక్కుంది. పాత భవనాలకు కొత్త నియమాలన్నీ వర్తించవు. కట్టిన నాటి కోడ్‌కు సరిపోతే చాలని అనేక చోట్ల మినహాయింపు ఉంటుంది. అందుకే ఒకే వీధిలో పక్కపక్కనున్న రెండు భవనాలకు ఇన్‌స్పెక్టర్ రెండు వేర్వేరు తీర్పులు రాయొచ్చు, రెండూ సరైనవే కావచ్చు.

తనిఖీలో నిజంగా చూసేవి

మంట ఎక్కడ పుట్టొచ్చు, పుడితే ఎంత వేగంగా పాకుతుంది, మనుషులు బయటపడగలరా? చూసేదంతా ఈ మూడింటి కిందికే వస్తుంది. మొదటిదాని కోసం ఎక్స్‌టెన్షన్ వైర్లను శాశ్వత వైరింగ్‌లా వాడేస్తున్నారా, బాయిలర్ గదిలో పెయింట్ డబ్బాలు పెట్టారా అని చూస్తారు. రెండోదాని కోసం మంటను కాసేపు ఆపే ఫైర్ డోర్లు వాటంతటవే మూసుకుంటున్నాయా, మంట వేడికి పైకప్పు నుంచి నీళ్ళు చల్లే స్ప్రింక్లర్ల కింద ఖాళీ ఉందా అని చూస్తారు. స్ప్రింక్లర్ తలకూ కింద పేర్చిన సరుకుకూ మధ్య కనీసం 45 సెంటీమీటర్లు వదలాలి. లేకపోతే నీళ్ళు గొడుగులా విచ్చుకోకుండా పై పెట్టె మీదే పడిపోతాయి. ఫైర్ డోర్ కింద చెక్కముక్క అడ్డుపెట్టి ఎప్పుడూ తెరిచి ఉంచడం అన్ని చోట్లా కనిపించే తప్పు. తలుపు ధర ఎంతైనా, ఆ చెక్కముక్క ఉన్నంతసేపూ అది లేనట్టే.

ఎక్కువ సమయం పట్టేదీ, ఎక్కువ వాదనలు జరిగేదీ మూడోదాని దగ్గరే: తలుపులు. 1911 మార్చి 25న న్యూయార్క్‌లోని ట్రయాంగిల్ షర్ట్‌వెయిస్ట్ కర్మాగారంలో 146 మంది చనిపోయారు. పది అంతస్తుల ఆ భవనానికి మంటలు తట్టుకునేదన్న పేరుంది. పేరు తప్పు కాదు, అది ఇవాళ్టికీ నిలబడే ఉంది. పై మూడు అంతస్తుల్లో పనిచేసేవాళ్ళలో చాలామంది మాత్రం మిగల్లేదు. తొమ్మిదో అంతస్తులో మెట్లకు దారితీసే ఒక తలుపు తాళం వేసి ఉంది. పనివాళ్ళు సరుకు దొంగిలిస్తారన్న భయంతో అలా వేసేవారని అప్పట్లో సాక్ష్యాలొచ్చాయి. అగ్నిమాపక నిచ్చెనలు ఆరో అంతస్తు దగ్గరే ఆగిపోయాయి.

దొంగతనం భయం, మంట భయం ఒకే తలుపు దగ్గర ఎదురుపడటం అప్పటితో పోలేదు. అంతకుముందే, 1903 డిసెంబర్ 30న షికాగోలోని ఇరొక్వా థియేటర్‌లో 602 మంది చనిపోయాక, దీనికో పరిష్కారం పుట్టింది. తలుపుకు అడ్డంగా ఒక కడ్డీ ఉంటుంది. బయటి నుంచి తాళం వేసినట్టే ఉంటుంది, లోపలి నుంచి ఒంటి బరువుతో కడ్డీని నెడితే చాలు తెరుచుకుంటుంది. ప్యానిక్ బార్ అంటారు. నేటికీ ఇన్‌స్పెక్టర్లు తనిఖీకి వెళ్తే ఆ కడ్డీ చుట్టూ గొలుసు చుట్టి వేసిన తాళాలు కనబడుతూనే ఉంటాయి.

ఒక హాలు, అయిదు అంకెలు

ఈ ఉద్యోగంలో బయటివాళ్ళకు బొత్తిగా అర్థం కానిది జన పరిమితి. ‘హాలులో 360 మందికి మించరాదు’ అని గోడకు ఒక పలక ఉంటుంది. ఆ అంకె ఎవరో కంటితో చూసి రాసింది కాదు. ఒక ఊహా హాలు తీసుకుని లెక్క వేసి చూద్దాం. అమెరికా నమూనా కోడ్‌ల్లోని అంకెలను మెట్రిక్‌లోకి సుమారుగా మార్చి వాడుతున్నాను.

హాలు పొడవు 20 మీటర్లు, వెడల్పు 12 మీటర్లు. విస్తీర్ణం 240 చదరపు మీటర్లు. జనం నిలబడి ఉండే కార్యక్రమమైతే మనిషికి 0.46 చదరపు మీటర్లు చొప్పున లెక్క, అంటే 521 మంది. కదిలే కుర్చీలు వరసగా వేస్తే మనిషికి 0.65, అంటే 369 మంది. బల్లలు, కుర్చీలు వేస్తే మనిషికి 1.4, అంటే 171 మంది. గోడలు కదల్లేదు, అంకె మాత్రం మూడింట రెండు వంతులు తగ్గిపోయింది. నిన్న బల్లలేసిన హాలులో ఇవాళ అవి తీసేసి పాటకచేరీ పెడితే, నిన్నటి తనిఖీ ఇవాళ్టికి పనికిరాదు.

ఇప్పుడు తలుపులు. మూడున్నాయి, తెరిస్తే ఒక్కొక్కటీ 900 మిల్లీమీటర్ల దారి ఇస్తుంది. సమతల దారిలో మనిషికి 5 మిల్లీమీటర్ల వెడల్పు లెక్క. ఒక్కో తలుపుకు 180 మంది, మొత్తం 540. నేల లెక్క, తలుపుల లెక్క, రెండింట్లో ఏది చిన్నదైతే అదే పరిమితి. కుర్చీల కార్యక్రమానికి 369 ఇచ్చేయొచ్చని యజమాని సంబరపడతారు.

ఇన్‌స్పెక్టర్ తల అడ్డంగా ఊపుతారు. భయపడ్డ మనిషి దగ్గర్లో ఉన్న తలుపు వైపు వెళ్ళడు, వచ్చిన తలుపు వైపే వెళ్తాడు. అందుకే 300 మందిని మించి చేరే హాళ్ళలో ముఖద్వారం ఒక్కటే సగం మందిని పంపగలగాలి. 369లో సగం 185, ముఖద్వారం సత్తా 180. అయిదుగురు ఎక్కువయ్యారు. పరిమితి 360కి దిగుతుంది.

ఇంకా లోపలికి వెళ్తే మూడో తలుపు స్టోర్‌రూంలోకి తెరుచుకుంటుంది. స్టోర్‌రూం గుండా వెళ్ళే దారిని బయటికి దారిగా లెక్కపెట్టరు. మిగిలినవి రెండే, 180, 180. లెక్క ప్రకారం 360 ఇంకా నిలబడింది. కానీ ఆ రెండూ ఒకే గోడకు, నాలుగు మీటర్ల ఎడంలో ఉన్నాయి. స్ప్రింక్లర్లు లేని చోట రెండు దారుల మధ్య దూరం గది మూల నుంచి మూలకు ఉన్న కొలతలో సగమైనా ఉండాలి. ఈ హాలుకు ఆ కొలత 23.3 మీటర్లు, సగం సుమారు 11.7. నాలుగు మీటర్ల ఎడంలో ఉన్నవి ఒక్క మంటకే రెండూ పోతాయి కాబట్టి వాటిని ఒకే దారి కింద జమకడతారు. ఒకే దారి ఉన్న హాలులో 49 మందికి మించి కూర్చోబెట్టకూడదు.

521, 369, 360, 171, 49. హాలు ఒక్కటే. ఇన్‌స్పెక్టర్ కావాలని సతాయిస్తున్నారని యజమానికి ఎందుకనిపిస్తుందో, ఇన్‌స్పెక్టర్ ఎందుకు పట్టు వదలరో ఈ అయిదు అంకెల్లోనే ఉంది. ఇద్దరి మీదా నాకు సానుభూతే, లెక్క మాత్రం ఇన్‌స్పెక్టర్ వైపుంది.

కాగితం మీద గోదాము

పై లెక్కంతా ఆ గదిని దేనికి వాడుతున్నారో తెలిస్తేనే నడుస్తుంది. దీన్ని వాడుక తరగతి అనుకోవచ్చు. గోదాము, ఇల్లు, ఆసుపత్రి, సభాస్థలం ఒక్కోదానికి ఒక్కో నియమం. వాడుక మారి, కాగితం మారకపోతే తనిఖీ గురి తప్పుతుంది.

2016 డిసెంబర్ 2న అమెరికాలోని ఓక్‌లాండ్‌లో ‘ఘోస్ట్ షిప్’ అని పిలిచే భవనంలో 36 మంది చనిపోయారు. కాగితాల మీద అది గోదాము. లోపల కళాకారులు కాపురముంటున్నారు, ఆ రాత్రి సంగీత కార్యక్రమం జరుగుతోంది. గోదాముగా నమోదైన భవనంలో జనం పడుకుంటున్నారని, పాటలు వింటున్నారని పట్టికలో ఎక్కడా కనబడదు.

కొన్నిసార్లు వాడుక మారదు, లోపలి అమరిక మారుతుంది. 1997 జూన్ 13న ఢిల్లీ ఉపహార్ సినిమా హాలులో 59 మంది ఊపిరాడక చనిపోయారు. బాల్కనీలో అదనపు కుర్చీల కోసం కుడివైపు దారి మూసేశారన్నది ఆ కేసులో కీలకమైన విషయాల్లో ఒకటి. ఒక్కో కుర్చీ టికెట్టు రాబడి, మూసిన దారి ఏ లెక్కల పుస్తకంలోనూ ఖర్చుగా కనిపించదు.

చూశారు, అయినా కనబడలేదు

కోకోనట్ గ్రోవ్ లాంటిదే ఇంకో ఉదంతముంది. నా మటుకు ఈ వృత్తి మొత్తం అందులో ఉందనిపిస్తుంది. 2003 ఫిబ్రవరి 20న రోడ్ ఐలాండ్ రాష్ట్రం వెస్ట్ వార్విక్‌లోని ‘స్టేషన్’ నైట్‌క్లబ్బులో, బాణసంచా నిప్పురవ్వలు గోడలకు అంటించిన పాలియురెథేన్ ఫోమ్‌కు తగిలి మంటలు రేగాయి. 100 మంది చనిపోయారు. శబ్దం ఇరుగుపొరుగుకు వినిపించకుండా ఉండటానికి అంటించిన ఫోమ్ అది. రెండు నిమిషాలు కాకముందే ముఖద్వారం దగ్గర జనం ఇరుక్కుపోయారు, పైన చెప్పిన లెక్క ఊహించినట్టే.

ఆ క్లబ్బును ఇన్‌స్పెక్టర్ చూడకుండా వదల్లేదు. వేదిక పక్క తలుపు లోపలికి తెరుచుకుంటోందని పట్టుకుని, మార్చమని రాశారు. అది సరైన అభ్యంతరమే. అదే తలుపు మీద, దాని చుట్టూ ఉన్న ఫోమ్ గురించి ఆ నివేదికల్లో ఒక్క ముక్క లేదు. తలుపు కనబడింది, తలుపు మీదున్నది కనబడలేదు.

దీన్ని రెండు రకాలుగా అర్థం చేసుకుంటారు. ఇది నిర్లక్ష్యం కాక మరేమిటన్నది ఒక వాదన. తనిఖీ ఫారంలో ఏ గడులుంటే కళ్ళు వాటినే వెతుకుతాయన్నది రెండోది. ‘తలుపు ఏ వైపు తెరుచుకుంటుంది?’ అన్న గడి ఉంది, ‘గోడకు అంటించినదేమిటి?’ అన్నది అంతే గట్టిగా లేకపోతే చూపు జారిపోతుంది. ఫారాలు పెంచుకుంటూ పోతే ఇది తీరదు. గడులు ఎంత పెరిగితే ఇన్‌స్పెక్టర్ చూపు అంతగా కాగితం మీదే ఉంటుంది. అవే లేకపోతే ఒక్కో ఇన్‌స్పెక్టర్ ఒక్కో రకంగా చూస్తారు, ‘పక్క భవనానికి అడగనిది నన్నే ఎందుకడిగారు?’ అన్న ప్రశ్నకు జవాబుండదు.

తలుపు తట్టితే తెరవాల్సిందేనా?

సియాటిల్‌లో ఒక గోదాము యజమాని తాళం వేసిన తన గోదాములోకి ఫైర్ ఇన్‌స్పెక్టర్‌ను రానివ్వలేదు. వారెంటు లేదు, ఏ తప్పూ చేశానన్న అనుమానమూ లేదు, ఎందుకు రానివ్వాలన్నది ఆయన వాదన. కోర్టు 100 డాలర్ల జరిమానా వేసింది. ఆ కేసు సుప్రీంకోర్టు దాకా వెళ్ళి, 1967లో యజమాని వైపే తీర్పొచ్చింది. శాన్‌ఫ్రాన్సిస్కోలో ఇంటి తనిఖీ మీద నడిచిన కమారా కేసులోనూ అదే రోజు అదే దారిలో తీర్పు చెప్పారు.

ఇన్‌స్పెక్టర్ల చేతులు కట్టేసినట్టేనా? పూర్తిగా కాదు. వారెంటు కావాలన్న కోర్టే దాన్ని తేలిక కూడా చేసింది. నేరం కేసులో మాదిరిగా ఫలానా భవనం మీద ప్రత్యేకమైన అనుమానం ఉండనక్కర్లేదు. తనిఖీ జరిగి ఎంత కాలమైంది, భవనం ఏ రకానిది, ఆ ప్రాంతం పరిస్థితి ఏమిటి, ఇవి చూపిస్తే చాలు. పొగ వస్తుంటే వారెంటు అక్కర్లేదు. ఆచరణలో చాలామంది యజమానులు అడగగానే తలుపు తీస్తారు కాబట్టి వారెంటు దాకా వెళ్ళేది తక్కువ. చట్టమెలా ఉన్నా ఈ పనిలో మర్యాదకు విలువెక్కువ.

పత్రం ఇవ్వాలా, బాధ్యత ఇవ్వాలా?

ఇక్కడ నిపుణులు నిజంగా రెండుగా చీలతారు. ప్రభుత్వ ఇన్‌స్పెక్టర్ వచ్చి చూసి పత్రం ఇవ్వాలన్నది ఒక పద్ధతి. ఇంగ్లండ్‌లో 1971 చట్టం ప్రకారం అనేక రకాల భవనాలకు అలా ఫైర్ సర్టిఫికెట్లు ఇచ్చేవారు. 2005లో చేసిన ఉత్తర్వు దాన్ని తిరగేసింది. 2006 నుంచి పత్రం పోయింది, భవనాన్ని నడిపేవారే ‘బాధ్యుడైన వ్యక్తి’గా ప్రమాదాలను అంచనా వేయించుకుని సరిదిద్దుకోవాలి, ఇన్‌స్పెక్టర్ వచ్చి ఆ అంచనా సరిగ్గా ఉందో లేదో చూస్తారు.

కొత్త పద్ధతిని సమర్థించేవాళ్ళ మాటలో బలముంది. పత్రం గోడకెక్కాక యజమాని చేతులు దులుపుకుంటాడు. రోజూ అక్కడుండేది అతనే, తెలిసేదీ అతనికే. వ్యతిరేకించేవాళ్ళ మాటా తేలిగ్గా తీసేయదగ్గది కాదు. అంచనా వేసే మనిషికి జీతమిచ్చేది యజమానే. పైగా ఎవరు ఏ భాగానికి బాధ్యులో తేలకపోతే అందరి బాధ్యతా ఎవరి బాధ్యతా కాకుండా పోతుంది. 2017 జూన్ 14న లండన్ గ్రెన్‌ఫెల్ టవర్ మంటల్లో 72 మంది చనిపోయాక ఆ ఉత్తర్వు బయటి గోడలకు వర్తిస్తుందా లేదా అన్న సందేహం తీర్చడానికే 2021లో మరో చట్టం చేయాల్సి వచ్చింది. మంట పాకింది సరిగ్గా ఆ బయటి గోడల మీదుగానే.

నోటీసు ఇచ్చి దారికి తేవాలా, కూర్చోబెట్టి నచ్చజెప్పాలా అన్న తగాదా దీని తమ్ముడే. చాలామంది ఇన్‌స్పెక్టర్లు రెండూ చేస్తారు. తాళం వేసిన దారికి అక్కడికక్కడే తీయించడం, గడువు దాటిన మంటలార్పే సిలిండర్‌కు కొన్ని రోజుల వ్యవధి ఇవ్వడం. ఏది ఆగలేనిదో, ఏది ఆగగలదో తూచడమే ఈ ఉద్యోగంలో అనుభవం అంటే.

నలుగురు ఇన్‌స్పెక్టర్లు, ఆరు వేల భవనాలు

మరో ఊహా లెక్క. ఒక పట్టణంలో తనిఖీ చేయాల్సిన భవనాలు 6,000, ఇన్‌స్పెక్టర్లు నలుగురు. ఒక్కొక్కరు ఏడాదికి 200 రోజులు బయట తిరిగి, రోజుకు మూడు చొప్పున చూస్తే 2,400 తనిఖీలు. వీటిలో మూడో వంతు, చెప్పిన మార్పు చేశారా లేదా అని మళ్ళీ వెళ్ళి చూసేవి అనుకుంటే, కొత్తగా చూసేవి 1,600. అన్నిటినీ ఒక చుట్టు చుట్టడానికి మూడున్నరేళ్ళు దాటుతుంది. అందుకే ఆసుపత్రులు, బడులు, జనం గుమిగూడే చోట్లు ముందు వరసలోకి, చిన్న ఆఫీసులు వెనక్కి వెళ్తాయి. ప్రమాదాన్ని బట్టి వరస పెట్టడం తెలివైన పనే. కానీ ‘ఘోస్ట్ షిప్’ లాంటి చోట్లు ఆ వరసలో ఎప్పుడూ చివరే ఉంటాయి, ఎందుకంటే అవి గోదాములు కదా.

తప్పు ఎవరిది?

కోకోనట్ గ్రోవ్ యజమాని ఆ రాత్రి ఆసుపత్రి మంచం మీద ఉన్నారు. అయినా నరహత్య నేరం కింద ఆయనకే శిక్ష పడింది. అక్కడ లేకపోయినా, దారులు మూసిన స్థితిలో క్లబ్బును నడిపింది తానేనని కోర్టు తేల్చింది. స్టేషన్ క్లబ్బు కేసులో ఇన్‌స్పెక్టర్ మీద అభియోగం పెట్టలేదు. దురుద్దేశం రుజువైతే తప్ప ఫైర్ ఇన్‌స్పెక్టర్లను శిక్షించరాదని ఆ రాష్ట్ర చట్టం. బాధితుల కుటుంబాల్లో చాలామందికి ఇది నేటికీ మింగుడుపడదు. అలాంటి రక్షణ లేకపోతే ఆ కుర్చీలో కూర్చునే వాళ్ళే దొరకరన్నది ఎదుటి వాదన. పట్టణం మాత్రం పరిహారం కింద కోటి డాలర్లు కట్టింది.

ఆ మంటల తర్వాత అమెరికా లైఫ్ సేఫ్టీ కోడ్‌లో కొన్ని మార్పులొచ్చాయి. వంద మందికి మించిన పాత నైట్‌క్లబ్బుల్లోనూ స్ప్రింక్లర్లు, 250 మందికొకరు చొప్పున జనాన్ని నడిపించే శిక్షణ పొందిన మనిషి. వాటితోపాటు పెద్దగా ఎవరూ పట్టించుకోని నియమం ఒకటి చేరింది: బయటికి వెళ్ళే దారులు ఖాళీగా ఉన్నాయో లేదో యజమానే చూసి, ప్రతి తనిఖీనీ పుస్తకంలో రాసిపెట్టుకోవాలి. ఇన్‌స్పెక్టర్ వచ్చినప్పుడు తలుపులతోపాటు ఇప్పుడు ఆ పుస్తకాన్నీ అడుగుతారు.